కరిగే బెల్లం, కరగని పాతర

తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేటి గట్టున బెల్లం అమ్మే అవ్వ, నా అరవం రెండు ముక్కలు వినగానే జాలిపడి తెలుగులోకి దిగింది. "ఎంత వెయ్యాలవ్వా?" అనడిగాను. "నీ నొప్పెంతుంటే అంత వెయ్యి నాయనా" అంది. మోకాలి నొప్పికి పావుకిలో చాలుననుకొని ఒక అచ్చు కొన్నాను.

పుష్య అమావాస్య. మద్రాసులో తెల్లవారుజామున లోకల్ ఎక్కినప్పటి నుంచీ పెట్టెలో సగం మంది ఈ స్వామి జనమే. మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు. తర్పణాలు వదిలే వాళ్లు ఒక పక్క, తడిబట్టలు పిండుకునేవాళ్లు ఒక పక్క. అరవంలో మొదలైన మాట తెలుగులో ముగుస్తోంది, తెలుగులో మొదలైన తగవు అరవంలో తెగుతోంది. గుడి అహోబిల మఠం వాళ్ల అధీనంలోది కాబట్టి మన నరసింహస్వామి నీడ ఇక్కడిదాకా పడుతూనే ఉంది. శాలిహోత్రుడనే మునిని "ఎక్కడ పడుకోను?" అని అడిగి, ఆయన చూపిన చోట స్వామి శయనించాడట. కోనేటి పేరు హృత్తాపనాశిని. గుండెలోని తాపాన్ని పోగొట్టేదని అర్థం. నీళ్లలో బెల్లం కరిగినట్టు ఒంట్లో రోగం కరగాలని నమ్మకం. వైద్య వీరరాఘవుడని అందుకే అంటారు.

బెల్లం అచ్చు వదిలాను. రెండు మెట్ల కింద కాసేపు కనిపించింది. అంచులు మెత్తబడ్డాయి, చుట్టూ నీళ్లు టీ రంగుకు తిరిగాయి, తర్వాత ఎవరో దిగి నీళ్లు కదిపారు. అంతే, లేదు.

నేనొచ్చిన పని వేరు. నా సైన్సు శీర్షికకు ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు: "అణు విద్యుత్ కేంద్రాల చెత్తను భూమిలో లోతుగా పాతేస్తారట గదా, లక్ష ఏళ్లు అది కదలకుండా ఉంటుందని ఎవరు చూసొచ్చారు?" మామూలుగా ఇలాంటి వాటికి నాలుగు లెక్కలు రాసి పంపేస్తాను. దీనికి మాత్రం లెక్కలతో మనసొప్పలేదు. లక్ష ఏళ్లు మట్టి కింద ఉన్నదేదైనా చేతికందే దూరంలో ఉందా అని వెతికితే, మద్రాసుకు అరవై కిలోమీటర్ల లోపే దొరికింది. అందుకే ఈ బయల్దేరడం. కోనేరు దారిలో తగిలిందంతే.

తగిలినా, పనికొచ్చింది. అణు వ్యర్థాలను వదిలించుకోవడంలో బెల్లం పద్ధతి చాలా పాతది. పలుచన చేసి నీళ్లలోనో గాలిలోనో కలిపేయడం. తక్కువ రేడియోధార్మికత ఉన్న ద్రవాలకు, పరిమితులకు లోబడి, ఇప్పటికీ అదే దారి. 1946 మొదలుకొని కొన్ని దేశాలు పీపాలకు పీపాలే సముద్రంలో పడేశాయి. 1993లో లండన్ ఒప్పందం దాన్ని పూర్తిగా నిషేధించేదాకా ఆ ఆలోచన చావలేదు. కోనేరు పెద్దదైనంత సేపూ ఈ పద్ధతి బాగానే ఉంటుంది. బెల్లం వేసేవాళ్లు ఎక్కువైతే నీళ్లు పానకమవుతాయి.

కోనేటి బయట మా బావ తన పాత ఓమ్నీ వ్యానుతో నిలబడి ఉన్నాడు. మేనత్త కొడుకు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. పుత్తూరులో ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తాడు. వెనక సీటు తీసేసి కేబుళ్లు, రాగి పలకలు, నాలుగు బస్తాలు వేసుకున్నాడు. బస్తా మీద అక్షరాలు చూసి నాకు నవ్వొచ్చింది. బెంటొనైట్.

"ఇదెందుకు బావా?"

"ఎర్త్ పిట్లో పోసేదానికి. ఉప్పూ బొగ్గూ అయితే రెండేండ్లకు కొట్టుకోని పోతాయి. ఈ మట్టి తడి పట్టుకోని వదల్దు. పిట్ట మీద జిగురు మాదిరి ఉంటాది."

ఫిన్లాండు వాళ్లు వేల కోట్లు ఖర్చుపెట్టి అణు ఇంధనం చుట్టూ పేర్చబోయే మట్టి అదే. మా బావ వ్యాను వెనక బస్తాల్లో ఉంది.

ఊరు దాటాక పూండి దారి పట్టాం. పన్నెండు కిలోమీటర్ల దరిదాపు. జలాశయం నిండుగా ఉంది. 1944లో కుశస్థలి నదికి అడ్డంగా కట్టిన సత్యమూర్తి సాగరం ఇది. ఇందులో ఇప్పుడు కృష్ణ నీళ్లున్నాయి. శ్రీశైలం నుంచి సోమశిల, అక్కణ్నుంచి కండలేరు, అక్కణ్నుంచి కాలువలో ఇక్కడికి. ఎన్టీఆర్, ఎంజీఆర్ సంతకాలు పెట్టింది 1983లో, నీళ్లు వచ్చింది 1996లో. కట్ట మీద నిలబడి బావ, "మన నీళ్లు" అన్నాడు. కట్ట కింద చేపలు వేయిస్తున్నావిడ, "మా నీళ్లు" అంది అరవంలో, వెనక్కి తిరక్కుండానే. ఇద్దరి మధ్యా చేపల బేరం మాత్రం తెలుగులోనే సాగింది.

పూండిలో రాష్ట్ర పురావస్తు శాఖ వాళ్ల ఆదిమానవుల మ్యూజియం ఒకటుంది. చిన్నది. అద్దాల వెనక అరచేయంత రాతి గొడ్డళ్లు, వాటి మీద దుమ్ము. అక్కడ ఎక్కువసేపు లేం. చూడవలసింది ఇంకాస్త అవతల, అత్తిరంపాక్కంలో ఉంది.

1863 మే నెలలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త పల్లావరంలో ఒక రాతి గొడ్డలి ఏరాడు. అదే ఏడు సెప్టెంబరులో తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కం వాగుల్లో వెతికితే అవి గుట్టలుగా దొరికాయి. ఈ దేశంలో పాతరాతి యుగపు చదువు మొదలైంది ఇక్కడే. 1999లో శాంతి పప్పు, ఆ తర్వాత కుమార్ అఖిలేశ్, వాళ్ల శర్మా వారసత్వ విద్యా కేంద్రం వాళ్లు మళ్లీ తవ్వారు. పొరలు పొరలుగా పేరుకున్న బంకమట్టి, కొన్ని మీటర్ల మందం. దాని లోపలా కిందా ఉన్న పొరల్లో 3,500కు పైగా పనిముట్లు. 2011లో సైన్స్ పత్రికలో వయసు ప్రకటించారు: సగటున 15 లక్షల ఏళ్లు.

వెళ్లి చూస్తే ఏముంది? పురావస్తు శాఖ బోర్డు, తుమ్మ కంప, మేకలు. వాన గండ్లు కొట్టి నేలను చీల్చిన చోట ఎర్రమన్ను, దాని కింద పసుపుతిరిగిన బూడిదరంగు మట్టి. జలాశయం అంచు దగ్గరే కాబట్టి కొన్నిచోట్ల ఇంకా తేమ ఉంది. బావ చెప్పులతో దిగాడు, దిగిన చెప్పు దిగినట్టే ఉండిపోయింది.

ఆ వయసు ఎలా కట్టారో నాకు అక్కడ నిలబడి చెప్పాలనిపించింది. చెప్పాను. ఆకాశం నుంచి కురిసే విశ్వకిరణాలు, పైన పడి ఉన్న రాతిలో రెండు రకాల రేడియోధార్మిక పరమాణువులను పుట్టిస్తూ ఉంటాయి: అల్యూమినియం-26, బెరీలియం-10. రాయి లోతున కప్పబడిపోయిందనుకో, కిరణాలు అందవు. కొత్తవి పుట్టవు. పాతవి తరిగిపోతుంటాయి. అల్యూమినియం ఏడు లక్షల ఏళ్లకు సగమవుతుంది, బెరీలియం దాదాపు పద్నాలుగు లక్షల ఏళ్లకు. రెండూ ఇప్పుడెంతెంత మిగిలాయో కొలిస్తే, రాయి మట్టిలోకి పోయి ఎన్నాళ్లయిందో తేలుతుంది.

"అంటే మన్ను కప్పుకుంటే ఆ కిరణాలు లోపలికి రావు" అన్నాడు బావ.

"రావు."

"లోపలివి బయటికీ రావు గదా మరి?"

నేను పది పేజీల్లో రాయాలనుకున్నది ఆయన ఎర్త్ పిట్ తెలివితో ఒక్క ముక్కలో అడిగేశాడు. కిరణాల సంగతి అంతే. కొన్ని మీటర్ల మట్టి చాలు ఆపడానికి. బయటికొచ్చేది కిరణం కాదు, నీళ్లు. ఏ వ్యర్థమైనా పాతిన చోటి నుంచి మనిషి దగ్గరికి రావాలంటే నీటి మీద ఎక్కి రావాలి. బావిలోకి, చెరువులోకి, కొబ్బరిబోండంలోకి. అడ్డుకట్టలన్నీ నీళ్లకే.

మా అమ్మ పుట్టిల్లు జమ్మలమడుగు దిక్కు నల్లరేగడి పల్లె. అక్కడ జొన్న పాతరలుండేవి. వీధిలో నిలువెత్తుకు మించిన గొయ్యి, లోపలంతా మంట పెట్టి కాల్చి ఆరబెట్టడం, గోడల చుట్టూ గడ్డి వెంట్లు, మధ్యలో జొన్నలు, పైన మళ్లీ గడ్డి, దాని మీద తొక్కిన మన్ను, ఆ పైన పేడతో అలుకు. కరువొచ్చినప్పుడు తెరిచేవాళ్లు. తెరిచిన పూట ఎవరూ దిగేవాళ్లు కారట. ముందు లాంతరు దించాలి. దీపం ఆరిందంటే ఇంకో పూట ఆగాలి. లోపల గాలి చెడి మనుషులు పోయిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఇంగ్లీషు వాళ్లు రిపాజిటరీ అంటున్న దానికి నాకు ఈ పాతర కంటే మంచి మాట దొరకలేదు. ఒక్కటే తేడా. జొన్న పాతర తెరవడానికే వేస్తాం.

ఫిన్లాండులో, ఒల్కిలుఓటో దీవి కింద, సుమారు 430 మీటర్ల లోతున, దాదాపు 190 కోట్ల ఏళ్ల నాటి రాతిలో ఒంకలో అనే పాతర సిద్ధం చేశారు. 2004లో తవ్వడం మొదలుపెట్టారు. వాడేసిన ఇంధనం గింజలు గట్టి పింగాణీ లాంటివి, తేలిగ్గా కరగవు. అదొక అడ్డు. వాటిని పోతఇనుము డబ్బాలో పెట్టి, దాని మీద ఐదు సెంటీమీటర్ల మందం రాగి తొడుగు వేస్తారు. ఆ డబ్బాను సొరంగం నేలలో తవ్విన గుంతలో దించి చుట్టూ ఎండు బెంటొనైట్ దిమ్మలు పేరుస్తారు. తర్వాత సొరంగాన్నే మట్టితో పూడ్చేస్తారు. ఆ పైన కొండరాయి. 2024లో అసలు ఇంధనం లేకుండా ఉత్తుత్తి సరుకుతో పరీక్షలు మొదలుపెట్టారు.

ఇందులో నా అభిమానమంతా మట్టి మీదే. రాతి పగుళ్లలో నీరు ఎప్పుడో ఒకప్పుడు దిగుతుంది. ఎండు దిమ్మకు తగలగానే దిమ్మ ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేదు కాబట్టి ప్రతి సందులోకీ ఒత్తుకుపోతుంది. దాని రేణువుల మధ్య ఖాళీలు ఎంత చిన్నవంటే వాటిల్లో నీరు పారదు, ఇంకుతూ పాకాల్సిందే. సూక్ష్మజీవులు బతికేందుకు కూడా అందులో చోటుండదు. రాగిని తినే గంధక సమ్మేళనాలను తయారుచేసేవి అవే కాబట్టి అదొక లాభం. మట్టి రేణువుల మీద ఋణావేశం ఉంటుంది. నీటితో వచ్చే సీజియం లాంటివి ధనావేశం కలవి గనుక అతుక్కుపోతాయి. అయొడిన్ అలా కాదు, దానిది కూడా ఋణావేశమే, ఈ మట్టి దాన్ని పట్టుకోదు. అయొడిన్-129 సగానికి తగ్గాలంటే కోటిన్నర ఏళ్లకు పైమాట. రేడియోధార్మికత తక్కువే, పరిమాణమూ తక్కువే, అయినా పాతరల లెక్కల్లో చివరిదాకా మిగిలే పేర్లలో అదొకటి.

నల్లరేగడి నేలలో ఇల్లు కట్టినవాణ్ని అడగండి, ఈ మట్టి ఉబ్బే గుణం సంగతి చెప్తాడు. ఎండాకాలం కాలు దూరేంత నెర్రెలు, వాన పడగానే అన్నీ పూడుకోవడం, గోడ మీద పగుళ్లు. ఖనిజం ఒకే కుటుంబానిది. మన రైతును విసిగించే గుణాన్నే వాళ్లు పనికి పెట్టుకున్నారు. కాకపోతే ఒక షరతుంది. వేడి దాదాపు వంద డిగ్రీలు మించనివ్వకూడదు. మించితే మట్టి గుణం మారుతుందని భయం.

"రాయి గదా బావా" అన్నాడు బావ ఉన్నట్టుండి. చెప్పు కింది మన్నును గట్టుకేసి రుద్దుతున్నాడు. "రాయి యాడ పెట్టినా ఉంటాది. బొమిక పెట్టి చూపియ్యమను."

ఆయనది న్యాయమైన ప్రశ్న. అత్తిరంపాక్కంలో రాళ్లు వేలు దొరికాయి గానీ వాటిని చెక్కినవాళ్ల ఎముక ఒక్కటీ లేదు. జంతువుల పళ్లు కొన్ని మిగిలాయి. కొయ్య పిడులు, తోళ్లు ఉండే ఉంటాయి, అవీ పోయాయి. అంటే ఇక్కడి మట్టి అన్నిటినీ కాపాడలేదు. పైగా ఫుట్‌కు ఆ గొడ్డళ్లు దొరికింది తవ్వితే కాదు, వాగు మట్టిని కోసేసి వాటిని బయట పడేస్తే. పదిహేను లక్షల ఏళ్లు దాచి, చివరికి ఒక వాగుకు అప్పజెప్పింది. ప్లుటోనియం-239 సగమయ్యేది 24,100 ఏళ్లకు. పది సగాలంటే రెండు లక్షల నలభై వేల ఏళ్లు. ఆ లెక్కన ఈ మన్ను ఆరింతలు ఎక్కువే ఓర్చుకుంది. అయినా నాలుగైదు మీటర్ల లోతును నమ్మి ఎవరూ పాతరెయ్యరు. వాగులు కొయ్యని, గాలిలోని ప్రాణవాయువు అందని, నీరు కదలని లోతు కావాలి. నాలుగు వందల మీటర్ల మాట అందుకే వచ్చింది.

ఇంతా చేసి రాగి మీదే తగువు. గాలి లేని నీటిలో రాగి చెడదని, ఇలాంటి పాతరే వెయ్యబోతున్న స్వీడన్ వాళ్ల ధీమా. చెడుతుందని అదే దేశంలోని కొందరు రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చూపించారు. 2018లో అక్కడి పర్యావరణ న్యాయస్థానం ఈ సంగతి తేలలేదని చెప్పింది. 2022 జనవరిలో ప్రభుత్వం అయినా అనుమతించింది. చింతపండుతో తోమే మన రాగిచెంబు మీద ఇంత వాదన జరగడం నాకు ముచ్చటగా ఉంటుంది. ఒక అడ్డు ఓడినా వెనక ఇంకొకటుండాలన్నది మొత్తం ఏర్పాటులోని కిటుకు. రాగి పోతే మట్టి, మట్టి పోతే రాయి.

మట్టి ఎంపికలో పొరపాటు జరిగితే ఏమవుతుందో అమెరికా చూసింది. న్యూ మెక్సికోలో ఉప్పు పొరల్లో, 655 మీటర్ల లోతున, 1999 నుంచి ఒక పాతర నడుస్తోంది. అక్కడికి పంపే పీపాల్లో ద్రవాన్ని పీల్చడానికి, ఇళ్లలో పిల్లుల కోసం పెట్టే మట్టిని కలిపేవాళ్లు. ఒక విడతలో బంకమట్టితో చేసిన దానికి బదులు గోధుమలతో చేసిన "సేంద్రియ" రకం కలిపారు. అది నైట్రేట్ లవణాలతో కలిసి లోలోపల వేడెక్కింది. 2014 ఫిబ్రవరి 14న భూగర్భంలో ఒక పీపా పగిలింది. దాదాపు మూడేళ్లు పాతర మూతపడింది. బావకు ఈ కథ ఎంత నచ్చిందంటే దారి పొడుగునా ఎవరికి ఫోన్ చేసినా, "పిల్లి మన్ను" అని మొదలుపెట్టాడు.

అత్తిరంపాక్కం నుంచి తిరుత్తణి పోయే దారిలో బావే కోలారు సంగతి ఎత్తాడు. వాళ్ల నాయన నాయన కోలారు బంగారు గనుల్లో పనిచేశాడు. ఈ చుట్టుపక్కల, ఉత్తర ఆర్కాటులో, చిత్తూరు సీమలో, గనికి మనిషిని పంపని పల్లె తక్కువ. అక్కడి చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. అడుక్కు పోతే రాయి పట్టుకుంటే కాలుతుందని ముసలాయన చెప్పేవాడట.

"ఆ గనిలోనే మనవాళ్లు ఒక ప్రయోగం చేశారు బావా" అన్నాను.

1980లలో భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు అక్కడ పని ఆపేసిన ఒక భాగంలో, దాదాపు వెయ్యి మీటర్ల లోతున, వ్యర్థానికి బదులు కరెంటు హీటర్లు రాతిలో అమర్చి ఏళ్ల తరబడి కాచారు. యాంఫిబొలైట్ రాయి వేడికి ఎలా సాగుతుంది, ఎలా బీటలిస్తుంది అని కొలవడం పని. రేడియోధార్మిక పదార్థం ఏమీ పెట్టలేదు. 2001లో గనులు మూతపడ్డాయి. 2012 నవంబరులో, కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం కేసు నడుస్తుండగా సుప్రీంకోర్టులో ఆ గని పేరు పాతర చోటుగా వినిపించింది. కోలారులో బంద్, ధర్నాలు. అలాంటి ఆలోచన లేదని సర్కారు వారు ఆ తర్వాత చెప్పుకున్నారు. గనిలో నీళ్లు నిండుతుంటే అందులో పాతర ఏమిటని నాకూ అనిపించింది.

"జీతాలియ్యలేక మూసిన గుంతలో చెత్తెయ్యాలంటే ఎవుడికైనా కడుపు మండదా?" అన్నాడు బావ. ఆ మాటలో ఉన్నది రేడియోధార్మికత భయం ఒక్కటే కాదనిపించింది నాకు.

కడపలో తుమ్మలపల్లె గుర్తొచ్చింది. అక్కడ యురేనియం శుద్ధి చేశాక మిగిలే బురదను మడుగులో నింపుతారు. మడుగు అడుగున పొర సరిగా వెయ్యలేదని, తమ బోర్ల నీళ్లు చెడి అరటితోటలు పోతున్నాయని ఆ పల్లెల రైతులు ఏళ్లుగా అంటున్నారు. దానికి తమ మడుగు కారణం కాదని గని నడిపే సంస్థ అంటోంది. అది పాతర కాదు, నేల మీది వ్యవహారం. కానీ ఊరివాడికి ఇంజనీర్ల అడ్డుకట్ట అంటే మొదట కళ్లపడేది అదే. దాన్ని చూసిన కళ్లతో ఒంకలో బొమ్మ చూడమంటే ఎలా చూస్తాడు? నన్ను అడిగితే మన దేశంలో పాతర పని ఆలస్యమయ్యేది రాతి వల్ల కాదు.

తిరుత్తణి చేరేసరికి మూడున్నర. ఊరి కథ గమ్మత్తు. సర్వేపల్లి రాధాకృష్ణ 1888 సెప్టెంబరు 5న ఇక్కడ తెలుగు ఇంట పుట్టినప్పుడు ఇది ఉత్తర ఆర్కాటు. 1911లో చిత్తూరు జిల్లా అయింది. మా. పొ. శివజ్ఞానం లాంటి వాళ్లు ఉద్యమం చేశాక, పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి మారింది. 1997లో కొత్తగా పుట్టిన తిరువళ్లూరు జిల్లాలో చేరింది. నూటపదేళ్లలో నాలుగు చిరునామాలు. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు. 1962 మేలో రాష్ట్రపతి అయిన రాధాకృష్ణ, అదే ఏడు సెప్టెంబరు 15న ఆమోదించిన చట్టాల్లో అణుశక్తి చట్టం ఒకటి. ఆరు దశాబ్దాల పాటు ఈ దేశంలో యురేనియం తవ్వినా, రియాక్టరు కట్టినా, చెత్త దాచినా ఆ కాగితం కిందే.

కుమారస్వామి కొండ ఎక్కే ముందు ఊళ్లోనే ఉన్న వీరట్టానేశ్వరుడి గుడికి పోయాం. పల్లవ రాజు అపరాజితవర్మ కాలం, 9వ శతాబ్ది చివర. గోడ మీద శాసనాలు. పక్కనున్న పూజారి గారిని చదివి పెట్టమన్నాను. ఆయన అరవం పుట్టుకతో వచ్చినవారే. కళ్లజోడు సవరించుకుని, రెండక్షరాలు గుర్తుపట్టి, "పాత లిపి" అని నవ్వేశారు. పదకొండు వందల ఏళ్లే అయింది, అదే భాష, అదే ఊరు. 1993లో అమెరికాలోని సాండియా ప్రయోగశాల వాళ్లు, పాతరేసిన చోట తవ్వొద్దని పదివేల ఏళ్ల తర్వాతి మనుషులకు ఎలా చెప్పాలి అని పండితులను కూర్చోబెట్టి పెద్ద నివేదిక రాయించారు. ముళ్లలాంటి రాతి స్తంభాలు, భయపడే ముఖాల బొమ్మలు. నాకు ఆ ముళ్లు చూస్తే ఇక్కడేదో నిధి ఉందనే అనిపిస్తుంది. మన దగ్గర గుడి కింద లంకెబిందెల కోసం తవ్వేవాళ్లు ఆగుతారా? మట్టి మీద నాకున్న ధీమా అక్షరం మీద లేదు. లోతే కాపలా కాయాలి.

కొండకు 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. డిసెంబరు 31 రాత్రి ప్రతి మెట్టు దగ్గరా ఆగి పాడుతూ ఎక్కుతారు. ఆడి కృత్తికకు చిత్తూరు సీమ నుంచి పూల కావళ్లు వస్తాయి. బావ వ్యానులో పైకి పోయాడు. నేను మొండికేసి మెట్లెక్కాను. పావుకిలో బెల్లం ఇంకా పని మొదలుపెట్టినట్టు లేదు. నూటపాతికో మెట్టు దగ్గర కూర్చున్నాను.

సూరపద్ముణ్ని చంపాక కుమారస్వామి కోపం చల్లారిన చోటు ఇది. తణిగై అన్న పేరు అందుకే. మన తణియడం, అరవం తణియడం ఒకటే మాట. పైన స్వామికి గంధం పూస్తారు, అదీ చల్లదనానికే.

మన దేశపు పద్ధతి ఈ కొండను గుర్తుచేస్తుంది. మనం వాడేసిన ఇంధనాన్ని నేరుగా పాతెయ్యం. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో కరిగించి యురేనియం, ప్లుటోనియం వెనక్కి తీసుకుంటాం. మిగిలే తీవ్రమైన ద్రవాన్ని బోరోసిలికేట్ గాజుతో కలిపి, వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో కరిగించి, ఉక్కు డబ్బాల్లో పోస్తారు. గాజులో ఆ పరమాణువులు గింజల్లా పొదిగి ఉండవు, గాజులో భాగమైపోతాయి. నీరు తగిలినా చాలా నెమ్మదిగా తప్ప వదలవు. అయితే డబ్బా తనంత తనే వేడి పుట్టిస్తూ ఉంటుంది. సీజియం-137, స్ట్రాన్షియం-90 సుమారు ముప్ఫై ఏళ్లకు సగమవుతాయి. ఆ వేడితో పాతిపెడితే బెంటొనైట్ వంద డిగ్రీలు దాటిపోతుంది. అందుకే డబ్బాలను గాలితో చల్లబడే గదుల్లో దశాబ్దాల తరబడి నిలబెడతారు. తారాపూర్‌లో అలాంటి నిల్వ ఉంది. ఇలా తీసేశాక మిగిలే సరుకు పరిమాణం తక్కువ, పాతర అవసరం ఇప్పుడప్పుడే రాదు అన్నది అణుశక్తి శాఖ మాట. కోపం చల్లారేదాకా ఆగుదామని. ఆగడం తప్పు కాదు గానీ, ఆగడాన్నే పరిష్కారం అనుకోవడం నాకు నచ్చదు. పాతర రాయి వెతకడానికి, ఊరివాళ్లను ఒప్పించడానికి ఫిన్లాండుకు ముప్ఫై నలభై ఏళ్లు పట్టింది.

పైకి చేరేసరికి బావ దర్శనం చేసుకుని నుదుట గంధంతో మెట్ల పక్క గోడ మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు ఒళ్లో పెట్టుకుని పుల్లతో అత్తిరంపాక్కం మన్ను గీకుతున్నాడు. అది ఎండి రాయైపోయింది. కింద ఊరు, రైలుపట్టాలు, అవతల నగరి కొండల ముక్కు. ఆంధ్రా ఎక్కడ మొదలవుతుందో ఇక్కణ్నుంచి తెలియదు.

"రాదు బావా, తడుపు" అన్నాను.

సీసాలో నీళ్లు పోశాడు. మన్ను ఉబ్బి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఆయన తల పైకెత్తకుండానే, "ఆ ఫిన్లాండోళ్లు బస్తా ఎంతకు కొంటా ఉండారో కనుక్కో" అన్నాడు.